మద్రాసు వెళ్తే... స్పెన్సర్ ప్లాజా!

నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు ఇళ్లలో ఒకప్పుడు పెళ్లి కుదిరిందంటే మద్రాసు ప్రయాణం ఖాయం. రాజధాని హైదరాబాదే అయినా అక్కడికి రాత్రంతా వెళ్లాలి. నెల్లూరులో పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకి ముందే మద్రాసు సెంట్రల్. టి.నగర్‌లో పట్టుచీరలు, నగలు కొనడం అయ్యాక, సంచులు మోసుకుంటూ సాయంత్రానికి మౌంట్‌రోడ్డు చేరేవాళ్లు. అక్కడ పెద్దవాళ్లు పిల్లలకి చూపించేది 1959లో కట్టిన ఎల్ఐసీ బిల్డింగు. పద్నాలుగంతస్తుల మేడని ఊళ్లో గొప్పగా చెప్పుకునేది దాని గురించే. 1990ల్లో పిల్లల చూపు మాత్రం అదే రోడ్డులో ఉన్న మరో భవనం మీద ఉండేది. అదే స్పెన్సర్ ప్లాజా!

నిజానికి స్పెన్సర్ పేరు మద్రాసుకి చాలా పాతది. 1860ల్లో చార్లెస్ డురాంట్, జె.డబ్ల్యు.స్పెన్సర్ అనే ఇద్దరు మొదలుపెట్టిన దుకాణం అది. 1895లో ఎర్రటి కోటలాంటి పెద్ద భవనంలోకి మారింది. దక్షిణాది రైల్వేస్టేషన్లలో ఫలహారశాలలు నడిపిందీ ఆ కంపెనీయే. అయితే దొరలూ జమీందార్లూ సామాన్లు కొనే ఆ షాపులోకి మామూలు సంసారులు అడుగుపెట్టడం తక్కువే. 1980ల మొదట్లో ఆ భవనం మంటల్లో కాలిపోయింది. ఆ స్థలంలోనే 1990ల మొదట్లో స్పెన్సర్ ప్లాజా తయారైంది. తర్వాత రెండో ఫేజు, మూడో ఫేజు కూడా కలిశాయి.

తేడా ఏమిటంటే, ఈసారి తలుపులు అందరికీ తెరిచారు. కొన్నా, కొనకపోయినా ఎవరూ ఏమీ అనరు. 'చూసేదానికి డబ్బులేం అడగరులేమ్మా, రా' అని మొహమాటపడుతున్న పిన్నిని చెయ్యిపట్టి లోపలికి లాక్కెళ్లేవాళ్లు. బయటి ఎండకి చెమటలు కక్కినవాళ్లకి ఆ చల్లగాలే సగం ఆనందం. ఇక కదిలే మెట్ల దగ్గర పెద్ద తతంగం... పిల్లలు రెండుసార్లు ఎక్కి దిగేసరికి, నానమ్మ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తూనే ఉండేది!

లోపల లేనిది లేదు. తోలు సంచులు, వాచీలు, టీషర్టులు, కశ్మీరీ శాలువాలు, తివాచీలు. కాలేజీ పిల్లలు మ్యూజిక్‌వరల్డ్‌లో పాటలు వింటూ, ల్యాండ్‌మార్క్‌లో పుస్తకాలు తిరగేస్తూ గంటలు గడిపేవాళ్లు. ఏ ఫేజులో ఉన్నామో తెలియక తప్పిపోవడం మామూలే. సెల్‌ఫోన్లు లేని రోజులు కదా, 'తప్పిపోతే వచ్చిన గుమ్మం దగ్గరే నిలబడండి' అని ముందే చెప్పి మరీ లోపలికి తీసుకెళ్లేవాళ్లు. చివరికి కొనేది జడక్లిప్పులో, కీచెయినో. అయినా సెలవులయ్యాక బడిలో వారం రోజులు అవే కబుర్లు.

2006లో సిటీ సెంటర్, 2010లో దగ్గర్లోనే ఎక్స్‌ప్రెస్ అవెన్యూ, 2013లో వేళచ్చేరిలో ఫీనిక్స్ వచ్చాయి. వాటిలో సినిమా హాళ్లు, పెద్ద పెద్ద బ్రాండ్లు. కొత్త మాల్‌లో దుకాణాలన్నీ ఒకే యజమాని చేతిలో ఉంటాయి. ఏ షాపు ఎక్కడుండాలో, ఎప్పుడు మార్చాలో వాళ్లే చూసుకుంటారు. స్పెన్సర్ ప్లాజాలో మాత్రం దుకాణాలు చాలామందికి విడివిడిగా అమ్మారు. చిన్న వ్యాపారికి 'ఇది నా సొంత కొట్టు' అని చెప్పుకునే అదృష్టం అలా దక్కింది. ఆ సందడికి కారణం వాళ్లే. కాలం మారినప్పుడు, అంతమంది ఒక మాట మీదికి వచ్చి భవనాన్ని కొత్తగా తీర్చిదిద్దుకోవడం కష్టమైందీ అందుకే.

స్పెన్సర్ ప్లాజా మూతపడలేదు. కానీ దించేసిన షట్టర్లు చాలా కనిపిస్తాయి. మిగిలిన కొట్లలో వ్యాపారులు దారినపోయే ఒక్కొక్కరినీ పిలుస్తుంటారు. అద్దెకున్నవాళ్లయితే ఖాళీ చేసి వేరేచోటికి వెళ్లారు. ఉన్నదంతా పెట్టి షాపు కొనుక్కున్నవాళ్లకి ఆ వీలు ఎక్కడిది? మంచి ధరకి కొనేవాళ్లు రావాలి, లేదా జనమైనా తిరిగి రావాలి.

ఇప్పుడు నెల్లూరులోనే ఎంజీబీ మాల్ ఉంది. కదిలే మెట్లు చూసి ఆశ్చర్యపోయే పిల్లలు లేరు. అది మంచిదే. ఆనాటి పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులై, చెన్నైలో పనిమీదో ఆస్పత్రికో వెళ్తూ మౌంట్‌రోడ్డు దాటుతుంటారు. ఒక్క అరగంట ఆగి లోపల ఓ చుట్టు చుడితే, అప్పుడు చూసి వదిలేసిన తోలు సంచి ఇప్పుడు కొనుక్కోవచ్చు. కొట్టు తెరిచి కూర్చున్నాయనకి ఆ రోజు బోణీ అదే కావచ్చు.