పొన్నెకల్లు దారిలో

విజయవాడలో ఫజ్ర్ నమాజు ముగించుకొని బయలుదేరాము. ప్రకాశం బ్యారేజీ దాటే వేళకు కృష్ణమ్మ మీద మంచు తెర ఇంకా తొలగలేదు. తాడికొండ వైపు సాగేకొద్దీ కాలువలూ వరి మళ్లూ వెనుకబడి, నల్లరేగడి నేలలు, పత్తి చేలు ఎదురయ్యాయి. మా గమ్యం పొన్నెకల్లు. బుర్రకథ పితామహుడని తెలుగునాట పేరుగాంచిన షేక్ నాజర్ 1920లో జన్మించిన ఊరు అది.

మదర్సా ఉపాధ్యాయునికి బుర్రకథతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మా తరగతి గదిలో ఉంది.

ఆ ప్రాంతం నుంచి వచ్చిన నూర్‌బాషా కుటుంబపు బాలుడొకడు మా వద్ద చదువుతున్నాడు. ఒకనాడు మేము ఉర్దూలో అడిగిన ప్రశ్నకు అతడు తెలుగులో సరైన సమాధానమే చెప్పాడు. తోటి పిల్లలు నవ్వారు. మేము వారిని మందలించవలసింది పోయి, "ఉర్దూలో చెప్పు" అన్నాము. అతడు తల వంచుకొని కూర్చున్నాడు. ఆ తరువాత చాలా రోజులు తరగతిలో నోరు విప్పలేదు.

మనుమణ్ణి చూడవచ్చిన తాతగారితో ఈ మాట చెప్పగా, ఆయన నొచ్చుకోకుండానే అన్నారు: "హజ్రత్, మా ఇళ్లలో తరతరాలుగా తెలుగే. నమాజు నేర్పినా, దాని అర్థం తెలుగులోనే చెప్పుకున్నాం. నాజర్ గారు మావారేనండి. ఆయన కథ చెబుతుంటే నీది ఏ భాష అని ఎవరూ అడగలేదు. ఒకసారి మా వైపు రండి."

అలా వెళ్లాము.

దూది ఏకడం వృత్తిగా బతికిన వీరిని దూదేకులవారనీ, పింజారులనీ, నూర్‌బాషాలనీ పిలుస్తారు. తెలుగులో 'పింజారి' తిట్టుగా మారిన సంగతి మనకు తెలుసు. నాజర్ తన జీవితకథకు ఆ పేరే పెట్టుకున్నారు. విసిరిన మాటను ఇంటిపేరులా స్వీకరించడానికి ఎంత నిబ్బరం కావాలి!

బుర్రకథకు ముగ్గురు కావాలి. నడుమ కథకుడు భుజాన తంబురా, కాళ్లకు గజ్జెలు, వేళ్లకు అందెలతో నిలుస్తాడు. ఇరువైపులా వంతలు డక్కీలు వాయిస్తారు. ఒకరు హాస్యం పలికిస్తే, మరొకరు వర్తమాన రాజకీయం మీద వ్యాఖ్యానిస్తారు. పద్యం, పాట, వచనం, అభినయం ఒకదానిలోకి ఒకటి ప్రవహిస్తాయి. జంగం కథల వంటి పాత రూపాల నుంచి వచ్చిన ఈ కళకు నాజర్ తన నాటక అనుభవాన్నీ, శాస్త్రీయ సంగీత పరిచయాన్నీ జోడించారు. 1940లలో ప్రజానాట్యమండలి వేదికల మీద ఆయన చేసిన ప్రయోగం ఇదే. పాత కథనరీతిలోకి బెంగాల్ కరువు వంటి నాటి గోడు ప్రవేశించింది. ఆయన చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ 1954 నాటి 'అగ్గిరాముడు' చిత్రంలోనూ చోటు చేసుకున్నది. 1986లో ఆయనకు పద్మశ్రీ లభించింది. 1997లో కన్నుమూశారు.

పల్నాటి యుద్ధం కూడా ఆయనకు పేరు తెచ్చిన కథే. అందులో బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టే చాపకూడు ఘట్టం ఉన్నది. ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చొని తినే మనకు ఆ ఘట్టం పరాయిది కాదు.

వాద్యాల విషయంలో ఉలమాల అభిప్రాయాలు పాఠకులకు తెలిసినవే. మా వైఖరి కూడా జాగ్రత్త వైపే మొగ్గుతుంది. ఈ యాత్ర వల్ల అది మారలేదు. అయితే కవిత్వం మాట వేరు. హస్సాన్ బిన్ సాబిత్ (రజి) కవిత్వం వినిపించడానికి దైవప్రవక్త (స) మస్జిదులో వేదిక ఏర్పాటు చేయించారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. జనం భాషలో జనం బాధ చెప్పడం చిన్న పని కాదు.

పొన్నెకల్లు చూసి, సమీపంలోని తాతగారి ఊరు చేరాము. వేపచెట్టు కింద మంచం వాల్చారు. తన బాల్యంలో విన్న కథ గురించి ఆయన చెప్పారు. పెట్రోమాక్స్ దీపాలు, పొరుగూళ్ల నుంచి వచ్చిన ఎడ్లబండ్లు, తెల్లవారుజాము దాకా కదలని జనం. తరువాత లోపలికి వెళ్లి, అటక మీది నుంచి దూది ఏకే విల్లు దింపి తెచ్చారు. ధూళి తుడిచి దాని నారిని ఒక్కసారి మీటారు. గంభీరమైన నాదం ముంగిలి అంతా నిండింది.

"మా నాన్న రోజంతా ఇది మోగిస్తూనే బతికాడండి," అన్నారాయన.

జుహర్ నమాజు ఆ ఊరి మస్జిదులో చేశాము. అనంతరం ఇమాము గారు తెలుగులో నాలుగు మంచి మాటలు చెప్పారు. వృద్ధులు, పసివాళ్లు కదలకుండా విన్నారు. భాషల భిన్నత్వం అల్లాహ్ సూచనల్లో ఒకటని సూరె రూమ్ బోధిస్తున్నది. ఆ పాఠాన్ని మేము ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. మా తరగతి గదిలో మాత్రం దానిని అమలు చేయలేకపోయాము.

ఉర్దూ మాకు ధార్మిక విద్యను అందించిన భాష. దానిని విడువము, పిల్లలకు నేర్పడం మానము. కాని ఒక పిల్లవాడి ఈమానును అతడి ఉచ్చారణతో తూచే హక్కు మాకు లేదు.

మరునాడు తరగతిలో అందరి ఎదుట ఆ బాలునితో, "ఆ రోజు తప్పు మాదే" అన్నాము. పాఠం తెలుగులో చెప్పమన్నాము. మొదట గొంతు వణికింది, తరువాత నిలబడింది. నాడు నవ్విన పిల్లల్లో ఒకడు చెయ్యెత్తి ఒక తెలుగు మాటకు అర్థం అడిగాడు. ఆ బాలుడు ఓపికగా వివరించాడు.