పొద్దు మునిగే సముద్రం

కోనసీమలో పుట్టి పెరిగినవారికి సముద్రమంటే పొద్దు పొడిచే దిక్కు. అంతర్వేది తీర్థానికి తెల్లవారుజామునే చేరుకోవటం, నీటి మీద ఎర్రటి వెలుగు పాకుతుండగా మూడు మునకలు వేయటం... మేమెరిగిన సముద్రం అదే. సూర్యుడు సముద్రంలో మునగటాన్ని మా అమ్మ తన డెబ్భయ్యవ ఏట, అమెరికా పడమటి అంచున, ఒరెగాన్ తీరంలో మొదటిసారి చూసింది.

నాన్న పోయిన మరుసటి ఏడు, 2018లో, అమ్మను నా దగ్గరకు తెచ్చుకున్నాను. ఇక్కడే ఉండిపొమ్మని అడిగినప్పుడల్లా "చూద్దాంలేరా" అనేది. పగలంతా కిటికీ పక్కన కూర్చునేది. ఏది వండినా బాగుందనేది. దేనికీ విసుక్కునేది కాదు. ఆ నెమ్మదితనాన్ని నేను సంతృప్తి అనుకున్నాను.

జూలైలో ఒక శనివారం న్యూపోర్ట్‌కు తీసుకువెళ్ళాను. ఇసుకలోకి దిగబోతూ "టిక్కెట్టు ఎక్కడ తీసుకోవాలి?" అని అడిగింది. అక్కరలేదన్నాను. 1913లోనే ఈ రాష్ట్రం తన సముద్రతీరాన్ని ప్రజల రహదారిగా ప్రకటించింది. 1966లో ఒక బస యజమాని పొడి ఇసుక తన అతిథులదేనని కంచె కడితే జనం ఊరుకోలేదు. ఆ మరుసటి ఏడే, అంటే 1967లో, పొడి ఇసుక మీద కూడా అందరికీ హక్కునిస్తూ చట్టం వచ్చింది. ఇదంతా చెబితే, "సముద్రానికి కంచె కట్టాలన్న బుద్ధి ఎలా పుట్టిందిరా వాడికి!" అని నవ్వింది.

నీళ్ళలో పాదం పెట్టి వెంటనే వెనక్కి తీసుకుంది. వేసవిలో ఉత్తరపు గాలులు పైనీటిని లోపలికి నెట్టేస్తాయి. అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. అందుకే నడివేసవిలోనూ ఆ నీరు ఎముకలు కొరుకుతుంది.

ఆ ఊళ్ళోని సముద్ర విజ్ఞాన కేంద్రం దగ్గర ఒక కాంక్రీటు ముక్క నిలబెట్టి ఉంది. 2011 మార్చి 11న జపాన్‌లో వచ్చిన సునామీకి మిసావా రేవు నుంచి తెగిపోయిన పడవల వంతెన తాలూకు శకలమది. అరవయ్యారు అడుగుల ఆ వంతెన పదిహేను నెలలు మహాసముద్రం మీద తేలి, 2012 జూన్‌లో న్యూపోర్ట్ ఒడ్డుకు చేరింది. దాన్ని అంటిపెట్టుకున్న నాచు, గుల్లలు, పీతలు ఇంకా ప్రాణంతోనే ఉన్నాయి. అవి ఇక్కడ పెరిగితే స్థానిక జీవాలకు చేటని గీకి తీసి పూడ్చిపెట్టారు.

అమ్మ చాలాసేపు దాని ముందు నిలబడింది. "అంత దూరం బతికి వచ్చి, ఒడ్డున పోయాయా!" అంది.

ఆ సాయంత్రం పొద్దు గుంకుతుండగా, నా వైపు చూడకుండానే చెప్పింది. "నేను వెళ్ళిపోతాన్రా. నీకంటే ఇక్కడ వేళ్ళు దిగాయి. పిల్లలున్నారు. మీ నాన్నగారిని అంతర్వేది దగ్గర కలిపాం. ఏడాదికోసారైనా పొద్దున్నే అక్కడ దణ్ణం పెట్టుకోవాలి. ఇక్కడేమో పొద్దు మునగటమే కనిపిస్తోంది."

"ఏ సముద్రమైనా నీళ్ళన్నీ ఒకటే కదమ్మా" అన్నాను. ఆమెను ఆపటానికి నా దగ్గర అంతకంటే మంచి మాట లేదు.

"నీళ్ళు ఒకటేరా, రేవు ఒకటి కాదు" అంది.

సెప్టెంబరులో విమానం ఎక్కించాను. ఒంటరిగా ఎలా ఉంటుందోనన్న దిగులు నాతో పాటే ఇంటికి వచ్చింది. నిజం చెప్పాలంటే, ఇప్పటికీ పోలేదు. అర్ధరాత్రి ఫోను మోగితే గుండె ఆగినంత పనవుతుంది. దగ్గరుంచుకోవటమే ప్రేమ అని నమ్మినవాడికి, పంపించటం కూడా ప్రేమేనని ఒప్పుకోవటం అంత సులభం కాదు.

ఇక్కడ వేసవిలో రాత్రి తొమ్మిదయ్యేసరికి అక్కడ మర్నాటి ఉదయం తొమ్మిదిన్నర. ఆ వేళకే ఫోను చేస్తాను. కొబ్బరి దింపు తీసేవాడు చెప్పిన రోజుకు రాలేదనీ, పాలలో నీళ్ళు ఎక్కువయ్యాయనీ, పక్కింటివాళ్ళ మేక గోరింట చెట్టంతా తినేసిందనీ ఒకటే విసుక్కుంటుంది. నేను మధ్యలో అడ్డు రాను. నా ఇంట్లో ఉన్న ఆరు నెలల్లో ఆమె ఒక్కసారీ ఇలా విసుక్కోలేదు మరి.