మామూ గీసిన పటం

నా దగ్గర అట్ట లేని పుస్తకం ఒకటుంది. 7వ పేజీతో మొదలై 92వ పేజీతో ఆగిపోతుంది. దాని పేరేమిటో నాకిప్పటికీ తెలియదు. వీడియో గేముల గురించి అమెరికాలో అచ్చయిన ఇంగ్లీషు పత్రిక అని మాత్రం తెలుసు. ఇన్నేళ్ళలో నాలుగు ఇళ్ళు మారాం. అమ్మీ పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాగి గంగాళం అమ్ముడుపోయింది. అబ్బా కుట్టుమిషను తుప్పు పట్టింది. ఈ పుస్తకాన్ని మాత్రం నేను పోనివ్వలేదు. మొదట్లో ఆటల మీద పిచ్చితో దాచుకున్నాను. ఇప్పుడు దాచుకోవడానికి కారణం వేరే ఉంది.

మాది నల్లగొండ. అబ్బా దర్జీ. మామూ, అంటే మా అమ్మీ తమ్ముడు, కువైట్‌లో డ్రైవర్. 1989లో సెలవు మీద వచ్చినప్పుడు రెండు పెద్ద పూల దుప్పట్లు, నానీకి తస్బీ, అబ్బాకు అత్తరు సీసా, నాకు ఒక వీడియో గేమ్ తెచ్చాడు. నింటెండో కంపెనీ 1983లో జపాన్‌లో ఫామికామ్ అనే యంత్రం తెచ్చింది. మామూ తెచ్చింది దాని నకలు. అది నకలని మాకు తెలియదు. తెలిసినా మేము బాధపడేవాళ్ళం కాదు. క్యాసెట్ పెట్టడం, పనిచేయకపోతే తీసి నోటితో ఊది మళ్ళీ పెట్టడం, బ్లాక్ అండ్ వైట్ టీవీలో చుక్కలు పోయి బొమ్మ రాగానే వీధి పిల్లలంతా ఒక్కసారి కేక వేయడం. సాయంత్రం మా ఇంటి ముందు చెప్పులు మసీదు ముందర పేర్చినట్టుండేవి. హిందువుల పిల్లలు, మా పిల్లలు అందరూ వచ్చేవాళ్ళు. అమ్మీ విసుక్కుంటూనే అందరికీ చాయ్ పోసేది.

మీలో ఆ వయసు వాళ్ళుంటే 'కోంట్రా' గుర్తుండే ఉంటుంది. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ. ఇది నొక్కితే మూడు ప్రాణాలకు బదులు ముప్పై ప్రాణాలు వచ్చేవి. ఎక్కాలు రానివాడికి కూడా ఇది వచ్చేది. జపాన్‌లో కజుహిసా హషిమోతో అనే ప్రోగ్రామర్ 1986లో మరో ఆట తయారు చేస్తూ, అది తనకే మరీ కష్టంగా ఉందని ఈ దొంగదారి పెట్టుకున్నాడట. తర్వాత తీయడం మరిచిపోయాడు. ఆయన 2020లో చనిపోయాడని చదివినప్పుడు మా వీధి వాళ్ళెవరో పోయినట్టే అనిపించింది. ముప్పై ప్రాణాలు ఇచ్చిన మనిషి కదా!

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. మా ఇంట్లో టీవీ మీద గేమ్ బంద్ అయింది. వార్తల కోసం టీవీ, రాత్రికి బీబీసీ ఉర్దూ కోసం రేడియో. ఉత్తరం లేదు, ఫోను లేదు. నానీ జానిమాజ్ మీది నుంచి లేచేది కాదు. మామూ బస్రా, బగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరాడు. అక్కడ ఎడారిలో గుడారాల్లో చాలా రోజులు ఉండి, అమ్మాన్ నుంచి విమానంలో బొంబాయి వచ్చాడు. ఆ రెండు నెలల్లో ఎయిరిండియా 488 విమానాలు తిప్పి లక్షకు పైగా మనవాళ్ళను తెచ్చింది. దాని మీద 2016లో 'ఎయిర్‌లిఫ్ట్' అని హిందీ సినిమా వచ్చింది. సినిమాలో హీరో పెద్ద వ్యాపారి. మా మామూ డ్రైవర్. ఒక చేతిసంచితో నల్లగొండ బస్టాండులో దిగాడు. నాలుగు నెలల జీతం, పెట్టె, బట్టలు అన్నీ అక్కడే ఉండిపోయాయి. వీసాకు తెచ్చిన అప్పు మాత్రం ఇక్కడే ఉంది.

1991లో ఆ అప్పులోకి వీడియో గేమ్ కూడా పోయింది. అబ్బా నన్నడగలేదు. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి టీవీ వెనకాల వైర్లు లేవు. మామూ నా ముఖం చూడకుండా సైకిలు తుడుస్తున్నాడు. నేనేమీ అనలేదు. అనకూడదని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయే వయసు ఒకటి మా ఇళ్ళల్లో త్వరగానే వస్తుంది.

అట్లా నేను ఆడటం మానేసి చదవడం మొదలుపెట్టాను.

హైదరాబాదులో ఆదివారం నాడు ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. అబ్బా లైనింగు గుడ్డ కొనడానికి పట్నం పోయినప్పుడల్లా నేనూ వెంటపడేవాణ్ణి. లెక్కల గైడ్లు, పాత నవలల మధ్యలో అప్పుడప్పుడు 'నింటెండో పవర్' దొరికేది. 1988లో మొదలైన పత్రిక అది. మొదటి సంచిక అట్ట మీద మట్టితో చేసిన మారియో బొమ్మ ఉంటుంది. లోపల ఆటల పటాలు. టీవీ తెర మీద ఒక్కొక్క ముక్కగా కనిపించే లోకాన్ని ఫొటోలు తీసి, పక్కపక్కన అతికించి, మొత్తం ఒక్కచోట చూపించేవాళ్ళు. మా టీవీలో బొమ్మ కనబడితే చాలనుకునేవాళ్ళం. ఆ పేజీలో మారియో టోపీ ఎరుపని, ఆకాశం నీలమని నాకు మొదటిసారి తెలిసింది. ఎక్కువ పాయింట్లు కొట్టిన పిల్లలు టీవీ తెరను ఫొటో తీసి పంపిస్తే వాళ్ళ పేర్లు వేసేవాళ్ళు. ఎక్కడైనా ఇరుక్కుపోతే ఫోను చేయమని నంబరు ఇచ్చేవాళ్ళు. అమెరికా పిల్లలకు ఆట చెప్పడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టారంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు.

గేమ్ లేదు కదా, ఆ పటాల మీద వేలు పెట్టి నడిపేవాణ్ణి. ఇక్కడ దూకాలి, ఇక్కడ వంగాలి. నోటితోనే చప్పుళ్ళు. ఒక్క ఆటా ఆడకుండా ఇరవై ఆటలు గెలిచిన వాణ్ణి నేను.

నా ఇంగ్లీషు అక్కడి నుంచే వచ్చింది. తెలుగు మీడియం బడి. ఇంట్లో మాట దక్కనీ. దువా అరబ్బీ. ఆట ఇంగ్లీషు. ఉర్దూ మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు, ఎవరూ నేర్పలేదు. ఇంటి భాషలో నేను నిరక్షరాస్యుణ్ణి. "సాయిబుల పిల్లగానివైనా తెలుగు మంచిగ రాస్తవురా" అని మా సారు ప్రేమగానే అనేవాడు. ఆ 'అయినా' అనే మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోయేవాణ్ణి. పత్రిక మాత్రం నన్ను 'అయినా' అనలేదు. "నువ్వు" అని పిలిచేది. నువ్వు ఈ తలుపు తెరువు, నువ్వు ఈ లోకాన్ని కాపాడు. అందుకేనేమో దాన్ని అంతగా నమ్మాను.

ఒక సంచికలో 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' గురించి వేశారు. జోర్డాన్ మెక్నర్ అనే అమెరికా యువకుడు 1989లో చేసిన ఆట. తన తమ్ముడు పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, దాన్ని చూస్తూ ఒక్కొక్క బొమ్మ గీశాడట. అందుకే ఆ రాజకుమారుడు నిజం మనిషిలా నడుస్తాడు. సుల్తాను, కోట, కమానులు చూసి నాకెంత సంతోషమో! మొదటిసారి ఆటలోకి మా లాంటి వాళ్ళు వచ్చారనుకున్నాను. తర్వాత ఒక్కొక్క పదం కూడబలుక్కుని చదివితే సంగతి తెలిసింది. కథలో హీరోకు పేరు లేదు. సుల్తాను లేనప్పుడు రాజ్యాన్ని కాజేసి, రాజకుమారిని గదిలో పెట్టి, గంట గడువిచ్చే దుర్మార్గపు వజీరుకు మాత్రం పేరుంది. జాఫర్. మా చుట్టాల్లో ఆ పేరున్న ఒకాయన బళ్ళో చప్రాసీ. ఏ పిల్లాడినీ గట్టిగా కసరడం కూడా రాని మనిషి. అప్పుడు నవ్వుకున్నాను. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి నవ్వుకున్నాను. అది నవ్వే విషయం కాదని తెలియడానికి ఇంకొంచెం వయసు కావాలి.

1993 రంజాన్ పండక్కి వచ్చిన ఈదీ డబ్బులతో అట్ట లేని ఈ పుస్తకం కొన్నాను. అట్ట లేదని సగం ధరకే ఇచ్చాడు. ఇందులో ఆరు పేజీలు 'డెజర్ట్ స్ట్రైక్' అనే ఆట గురించి. గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1992లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ తెచ్చింది. 'రిటర్న్ టు ది గల్ఫ్' అని దాని ఉపశీర్షిక. కిల్‌బాబా అనే పిచ్చి జనరల్ ఒకడు ఒక గల్ఫ్ దేశాన్ని పట్టుకుంటాడు. మనం అపాచీ హెలికాప్టర్ నడపాలి. పైనుంచి ఏటవాలుగా ఎడారి కనిపిస్తుంది. రాడార్లు పేల్చాలి, కరెంటు స్టేషన్లు పేల్చాలి, స్కడ్ క్షిపణులు పేల్చాలి. పెట్రోలు అయిపోకముందే డ్రమ్ము ఎక్కడుందో చూసుకోవాలి. ఇసుక రంగు పటం, దాని మీద ఎర్ర బాణాలు. నాకు అది ప్రాణమైపోయింది. పడుకుని వేలితో హెలికాప్టర్ నడిపేవాణ్ణి. డిష్యుం, ధన్.

ఒక మధ్యాహ్నం మామూ పక్కన కూచున్నాడు. అప్పటికి ఊళ్ళోనే కిరాయి ఆటో నడుపుతున్నాడు.

"క్యా పడ్‌రా రే?"

కువైట్ ఆట అని చెప్పాను. ఎట్లా ఆడాలో ఉత్సాహంగా వివరించాను. ఆయన పుస్తకం తీసుకుని చాలాసేపు చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇస్‌మే లోగాఁ కాఁ హైఁ రే?" అన్నాడు. ఇందులో మనుషులు ఎక్కడున్నారని.

ఉన్నారు మామూ, వీళ్ళు దుష్మన్లు, వీళ్ళను కాల్చాలి అని చూపించాను.

ఆయన నా చెవి మీది పెన్సిల్ తీశాడు. పేజీ కుడి అంచున పొడుగ్గా గీత గీసి "ఇది సముద్రం" అన్నాడు. కొంచెం లోపలికి ఒక డబ్బా. "ఇది ఫర్వానియా. ఇది మా కమ్రా. ఎనిమిది మందిమి. ఇద్దరు కడపోళ్ళు, ఒక మలబారీ, ఒక పాకిస్తానీ." పక్కన ఒక గుండ్రం. "ఇది ఇరానీ వాడి రొట్టెల భట్టి. పొద్దుగాల లైన్ల నిలబడాలె." మరో చోట గుర్తు. "ఇక్కడ నా బండి ఖరాబయితే ఒక అరబ్బు ముసలాయన ఇంట్లకు పిలిచి అన్నం పెట్టిండు." ఎర్ర బాణాల మీద, పెట్రోలు డ్రమ్ముల మీద పెన్సిలు తిరుగుతోంది. గుర్తు పెట్టిన చోటల్లా ఉర్దూలో ఏదో రాస్తున్నాడు. తర్వాత పెన్సిల్ ఎడమ వైపు పోయింది. పటం దాటి, అచ్చు దాటి, తెల్లటి మార్జిన్‌లోకి పోయింది. అక్కడ ఒక చుక్క పెట్టి రెండు మూడు మాటలు రాశాడు.

నేను పుస్తకం గుంజుకున్నాను. "ఖరాబ్ కర్ దియే మామూ!" అని అరిచాను. ఏడుపొచ్చింది నాకు. ఆయన పెన్సిల్ కింద పెట్టి, ఏమీ అనకుండా ఆటో తీసుకుని పోయాడు. ఆ చుక్క ఏమిటో చెప్పనే లేదు. నేనూ అడగలేదు. గీతలు చెరిపేద్దామని రబ్బరుతో రుద్దాను. మంచి కాగితం, కొంచెం పాలిపోయాయి గానీ పోలేదు.

ఆ రోజుల్లో బడిలో నన్ను "సద్దాం" అనేవాళ్ళు. ఆ సద్దామే మా మామూను కట్టుబట్టలతో తరిమేశాడని వాళ్ళకు తెలియదు. చెబుదామంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో నాకు తెలియదు. ఒక పక్క సద్దాం అనిపించుకుంటూ, ఇంకో పక్క ఇంటికొచ్చి వేలితో అదే ఎడారి మీద బాంబులు వేసిన పిల్లాణ్ణి నేను. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. పత్రిక నన్ను హెలికాప్టర్‌లో కూచోబెట్టింది. పైనుంచి చూస్తే కమ్రా కనబడదు, భట్టి కనబడదు. నేను కిందివాణ్ణని నాకు గుర్తు లేకుండా పోయింది. అంతే.

యుద్ధంలో నష్టపోయిన వాళ్ళ కోసం ఐక్యరాజ్యసమితి 1991లో ఒక కమిషన్ పెట్టింది. ఇరాక్ చమురు అమ్మిన సొమ్ములోంచి, కువైట్ వదిలి వచ్చిన మామూలు మనుషులకు తలా రెండున్నర వేల డాలర్ల లెక్కన పరిహారం అన్నారు. మామూకూ వచ్చింది, చాలా ఏళ్ళు తిరిగాక. అప్పులు తీర్చి, మిగిలిన దాంతో నానీకి కళ్ళ ఆపరేషన్ చేయించాడు. మళ్ళీ గల్ఫ్ పోలేదు. 2007లో పోయాడు.

ఆయన పోయాక నేను ఉర్దూ నేర్చుకున్నాను. ముప్పై ఏళ్ళు రాబోతుండగా, చిన్నపిల్లల వాచకం కొనుక్కుని, అలిఫ్ బే నుంచి. కారణం అడిగితే ఏదో పెద్ద మాట చెప్పేవాణ్ణి, మూలాలు, అస్తిత్వం అని. అసలు కారణం ఈ పుస్తకమే. అక్షరాలు కూడుకోవడం వచ్చిన రోజు రాత్రి దీన్ని తీసి దీపం కింద పెట్టాను. కమ్రా. భట్టి. బడే మియా. ఒక్కొక్కటి చదివాను. చివరికి మార్జిన్‌లో ఉన్న చుక్క దగ్గరికి వచ్చాను. రబ్బరుతో నేను రుద్దిన చోట కాగితం పలచబడి ఉంది. ఏటవాలుగా పట్టుకుంటే తప్ప కనబడదు.

'యహాఁ పానీ మిలా' అని రాసి ఉంది.

ఇక్కడ నీళ్ళు దొరికాయి. సముద్రం కుడి వైపునైతే జోర్డాన్ ఎడమ వైపు. సరిహద్దు గుడారాల దగ్గర అన్నమాట. ఎన్ని రోజుల దాహం తర్వాతనో, ఎవరిచ్చారో నాకు తెలియదు. ఇంట్లో ఎవరికీ ఆయన ఆ సంగతి చెప్పలేదు. నాకు చెప్పబోయాడు.

'నింటెండో పవర్' 2012 డిసెంబరు సంచికతో ఆగిపోయింది. చివరి అట్ట మీద కూడా మొదటి దానిలాగే మట్టి మారియోను వేశారు. చూసి కళ్ళు చెమర్చాయి. ఎందుకు దాచాలి, ఆ పత్రికల్ని నేను ప్రేమించాను, ఇప్పటికీ ప్రేమిస్తాను. మా వాడు ఇప్పుడు ఫోనులో ఆడుకుంటాడు. ఎడారి, మసీదు గుమ్మటం, అరబ్బీ రాతల గోడలు, వాటి చాటు నుంచి తుపాకులు. బొమ్మలు మాత్రం ఎంతో మెరుగయ్యాయి. నేను వాణ్ణి ఆడొద్దని అనను. నాకు ఆ హక్కు లేదు, ఆ రుచి తెలిసినవాణ్ణి కదా.

కానీ మొన్న సెలవుల్లో వాడి పక్కన కూచుని, ఈ అట్ట లేని పుస్తకం తీసి ఆ పేజీ తెరిచాను. ఇది సముద్రం, ఇది కమ్రా అని మొదలుపెట్టాను. వాడు గుంజుకోలేదు. మార్జిన్ దాకా విన్నాడు.