వేపుడు దగ్గర నిలబడే మనిషి

ఎయిర్ ఫ్రయర్ కొనమంటావా అని ఎవరైనా అడిగితే, పోయిన వారం మీ ఇంట్లో ఏమేం వండారో చెప్పమంటాను. చెబుతుంటేనే సగం జవాబు వాళ్లకే దొరుకుతుంది. సోమవారం టమాటా పప్పు, దొండకాయ వేపుడు. మంగళవారం సొరకాయ పులుసు, కందిపొడి. బుధవారం గుత్తివంకాయ. గురువారం ముద్దపప్పు, ఆవకాయ, అప్పడాలు. శుక్రవారం పులిహోర. శనివారం బెండకాయ వేపుడు, చారు. ఆదివారం కోడికూర. ఈ వరసలో ఆ యంత్రం చెయ్యి వెయ్యగలిగినవి రెండు, మహా అయితే మూడు. అన్నం, పప్పు కుక్కర్లోనే ఉడకాలి. పులుసు గిన్నెలోనే మరగాలి. పోపు గరిటెలోనే చిటపటలాడాలి. కాబట్టి ఇది వంటిల్లు మొత్తాన్ని మార్చేసే వస్తువని ఎవరన్నా చెబితే నమ్మనక్కర్లేదు. అయితే ఆ రెండు మూడు వంటలు ఏవో, వాటి వెనక ఎవరి శ్రమ ఉందో చూశాక, వద్దని ఒక్క మాటతో కొట్టిపారేయడానికీ నాకు మనసొప్పదు.

దాని పని తీరు తెలుసుకుంటే ఆశలు అదుపులో ఉంటాయి. పైన ఒక కాయిల్ ఎర్రగా కాలుతుంది. ఫ్యాను ఆ వేడిగాలిని బుట్ట చుట్టూ గిర్రున తిప్పుతుంది. కన్వెక్షన్ ఓవెన్‌లో జరిగేదే ఇక్కడ చిన్న చోట, మరింత జోరుగా జరుగుతుంది. ఇప్పటికే కన్వెక్షన్ ఉన్న మైక్రోవేవ్ ఇంట్లో ఉంటే, ముందు దాన్ని ఆ పద్ధతిలో నాలుగు రోజులు వాడి చూడండి. మన ఇళ్లలో చాలావాటిని పాలు, కాఫీ వేడి చేసుకోవడానికి తప్ప వాడరు.

ఈ యంత్రాన్ని ఫిలిప్స్ సంస్థ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో జనం ముందుకు తెచ్చింది. దాని వెనకున్న ఆలోచన నెదర్లాండ్స్‌ది. అక్కడివాళ్లు ఇష్టంగా తినే బంగాళాదుంప ముక్కలు నూనె మూకుడు లేకుండా కరకరలాడాలన్నది ఆ ఆలోచన. ఇప్పటికీ ప్రకటనల్లో ముందు కనిపించేవి ఆ ముక్కలే. అవి అంత అందంగా రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. దుకాణంలో గడ్డకట్టించి అమ్మే ముక్కల్ని ఫ్యాక్టరీలోనే ఒకసారి నూనెలో వేయించి ప్యాకెట్లో పెడతారు. మనం ఇంట్లో నూనె చుక్క వెయ్యకపోయినా, ముక్కలో నూనె ముందే ఉంటుంది. అదే పని పచ్చి దుంపతో చేస్తే తేడా తెలిసిపోతుంది. తినడానికి బాగుంటుంది గానీ ప్యాకెట్ మీద బొమ్మలా ఉండదు.

తెలుగువాళ్లకి ఎక్కువ నిరాశ కలిగేది పిండివంటల దగ్గర. మిరపకాయ బజ్జీ, పునుగులు, గారెలు, బూరెలు ఇందులో కావు. జారు పిండిలో ముంచిన అరటికాయ ముక్కని బుట్టలో పెడితే, పిండి గట్టిపడేలోపే జల్లెడ సందుల్లోంచి కిందికి కారిపోతుంది. వేడిని వస్తువుకి అందించడంలో గాలి నూనెతో సరితూగదు. 180 డిగ్రీల నూనెలో గారె పడగానే నలువైపులా ఒక్కసారే వేడి తగిలి పై పొర గట్టిపడుతుంది. లోపలి తేమ ఆవిరై బుడగలుగా బయటికొస్తుంది. ఆవిరి వస్తున్నంతసేపూ నూనె పెద్దగా లోపలికి పోదు. బయటికి తీశాక, చల్లారేటప్పుడే గారె నూనెని ఎక్కువగా పీల్చుకుంటుంది. తీసిన వెంటనే చిల్లుల గరిటెలో కాసేపు పట్టి నూనె కారనివ్వమని పెద్దవాళ్లు అన్నది అందుకే. అలా ఒక్కసారే వేడి తగిలించి పై పొరని గట్టిపరిచే పని గాలి చెయ్యలేదు. జంతికలు, చెక్కలు లాంటి గట్టి పిండితో చేసేవి ఆకారం నిలుపుకుంటాయి గానీ గుల్లగా రావు, పంటికి రాయిలా తగులుతాయి. బియ్యప్పిండి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు పువ్వులా విచ్చుకోవాలంటే ఒక్కసారిగా మరిగే నూనె వేడి కావాలి. అప్పడం గాలికి ఎగిరి కాయిల్‌కి తగులుకునే ప్రమాదం ఉంది, దాన్ని పొయ్యి సెగ మీద పట్టకారుతో కాల్చుకోవడమే మేలు.

తక్కువ నూనెతో పునుగుల్లాంటివి తినాలనుకునేవాళ్లకి మన దగ్గరే గుంతపొంగణాల పెనం ఉంది. గుంటకి నాలుగు చుక్కల నూనె, ఒక గరిటెడు పుల్లని పిండి, మూత. రెండో వైపు తిప్పేసరికి ఎర్రగా, లోపల మెత్తగా వస్తాయి. కొన్ని వందల రూపాయల పెనం ఈ ఒక్క విషయంలో వేల రూపాయల యంత్రాన్ని దాటిపోతుంది. గారెల్ని మాత్రం పండగకి, తద్దినానికి, నూనె మూకుట్లోనే చేసుకుని తృప్తిగా తినాలని నా అభిప్రాయం. ఏడాదికి కొన్నిసార్లు తినే వాటిలో నూనె తగ్గించి రుచిని చంపుకుంటే ఒరిగేదేమీ లేదు.

ఇక వేపుడు సంగతి. ఈ యంత్రానికి తెలుగింట నిజమైన చోటు ఇదే. ఇందులో మిగిలే నూనె కన్నా పొయ్యి దగ్గర తప్పే నిలబాటు గురించి నాకు ఎక్కువ పట్టింపు. దొండకాయ వేపుడు తీరిగ్గా వేగాలంటే అరగంట పైనే పడుతుంది. మంట పెంచితే మాడుతుంది, తగ్గించి వదిలేస్తే ఉడికిపోయి మెత్తబడుతుంది. అట్లకాడ పట్టుకుని పక్కనే ఉండాలి. బెండకాయైతే మూత పెట్టకూడదు, జిగురు విరిగేదాకా ఉప్పు వెయ్యకూడదు, ఊరికే కలిపితే ముక్క చిదిమిపోతుంది, కలపకపోతే అడుగంటుతుంది. మే నెలలో బెజవాడలో ఎండ 43, 44 డిగ్రీలు ఉన్న రోజున, గ్యాసు మంట రెపరెపలాడుతుందని ఫ్యాను కూడా వేసుకోకుండా, కొంగుతో మెడ తుడుచుకుంటూ ఆ అరగంటా నిలబడేది ఎవరు? చాలా ఇళ్లలో ఇప్పటికీ ఒక్క మనిషే. కంచంలో వేపుడు రెండు ముద్దల్లో అయిపోతుంది. దాని వెనకున్న అరగంట ఎవరి లెక్కలోకీ రాదు. ముక్కలు బుట్టలో పోసి, మధ్యలో ఒకసారి కుదిపి, గంట మోగాక తీసుకునే వీలుంటే, ఆ అరగంట ఆ మనిషిది అవుతుంది. కూర్చోవచ్చు. పేపరు చదవచ్చు. అమ్మకి ఫోను చెయ్యవచ్చు. ఈ వస్తువుకి పెట్టే డబ్బుకి సరైన లెక్క ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

బెండకాయ ముక్కల్ని తడి లేకుండా తుడిచి, ఒకటిన్నర చెంచా నూనె పట్టించి 180 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ఉంచితే జిగురు మాటే ఉండదు. చేమదుంపల్ని ఉడికించి, తొక్క తీసి, చిదపకుండా సగాలు చేసి, కాస్త బియ్యప్పిండి, పసుపు, నూనె పట్టించి పెడితే పైన పెళుసుగా, లోపల వెన్నలా వస్తాయి. మా ఇంట్లో బాణలిలో ఎప్పుడూ అంత బాగా కుదరలేదు, ఎందుకంటే చేమదుంప బాణలికి అంటుకుని పై పొర ఊడొస్తుంది. కంద కూడా అంతే, కానీ ముందు చింతపండు నీళ్లలో ఉడికించి దురద పోగొట్టాల్సిందే, ఆ పని ఏ యంత్రమూ చెయ్యదు. కాకరకాయ చక్రాలు అద్భుతం. నూనెని ఎంత పోస్తే అంత తాగే వంకాయ ఇక్కడ చెంచాతో సరిపెట్టుకుంటుంది. దొండకాయకి మాత్రం పిసినారితనం పనికిరాదు, నూనె బాగా తగ్గిస్తే తోలులా సాగుతుంది. వేరుశనగపప్పు పచ్చడికి వేయించుకోవడం, ఉప్పూ కారం పట్టించిన చేపముక్కలు కాల్చుకోవడం, నిన్న సాయంత్రం కొన్న సమోసాని మళ్లీ కరకరలాడించడం హాయిగా జరిగిపోతాయి. పచ్చడికి వంకాయ కాల్చవచ్చు గానీ కుంపటి మీద కాల్చిన పొగ వాసన రాదు. అది కావాలంటే చివర్లో ఒక్క నిమిషం గ్యాసు సెగ చూపించాలి.

వేగిన ముక్కల్ని బుట్టలోంచి తీసి నేరుగా వడ్డిస్తే మాత్రం ఎవరూ వేపుడనరు. ఆవాలు, ఇంగువ, ఎండుమిర్చి, కరివేపాకు వీటి సువాసన కొవ్వులోనే కరిగి ముక్కకి పడుతుంది. రెండు చెంచాల నూనెతో పోపు విడిగా పెట్టి, అందులో ముక్కలు వేసి, వెల్లుల్లికారం చల్లి ఒక నిమిషం కలిపితేనే అది మన కంచంలోకి వస్తుంది. కారాన్ని ముందే పట్టించి 200 డిగ్రీల గాలిలో పెడితే నల్లబడి చేదెక్కుతుంది. కరివేపాకు లోపల వేస్తే ఎగిరి పైకి పోతుంది. దుంపల్ని కూడా బంగారు రంగు దగ్గరే ఆపెయ్యాలి. పిండిపదార్థం ఎక్కువున్నవాటిని 120 డిగ్రీలు దాటి వేడి చేస్తే ఆక్రిలమైడ్ అనే పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ముదురు రంగు వచ్చేకొద్దీ అది పెరుగుతుంది, నూనెలో వేయించినా గాలిలో వేయించినా అంతే. దుంప ముక్కల్ని ముందు కాసేపు నీళ్లలో నానబెట్టి ఆరబెట్టడం మంచి అలవాటు.

నూనె విషయంలో నాకు కనిపించే అసలు లాభం మరో చోట ఉంది. మూకుడు పెట్టిన ప్రతిసారీ నూనె మిగులుతుంది. దాన్ని వడగట్టి డబ్బాలో దాచి, మళ్లీ అప్పడాలకి, ఆ తర్వాత ఇంకోసారి దుంపలకి వాడతాం. కొన్న ధర గుర్తొచ్చి పారబొయ్యడానికి చెయ్యి రాదు. పదేపదే కాగిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ పెట్టిన నియమం 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. హోటళ్లలో కొలవడానికి పరికరాలుంటాయి, ఇంట్లో మనకి రంగూ వాసనే ఆధారం. ఒకసారి వేయించిన నూనెతో మళ్లీ వేయించవద్దని, కూరల్లో వాడితే ఒకటి రెండు రోజుల్లోనే ముగించమని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సలహా. దుంప వేపుడుకి కూడా మూకుడు నిండా నూనె పోసే ఇళ్లలో ఈ యంత్రం వస్తే ఆ డబ్బా చాలావరకు ఖాళీ అవుతుంది. మూడు చెంచాలతో పొదుపుగా వేయించే ఇళ్లలో నూనె పరంగా మిగిలేది స్వల్పమే.

కొనేముందు కొలత చూసుకోండి. నాలుగు లీటర్ల బుట్ట అంటారు గానీ ముక్కలు ఒకటి రెండు వరసలకి మించితే మధ్యవి వేగవు, ఉడుకుతాయి. పావు కిలో, మహా అయితే మరికాస్త. ఇద్దరు ముగ్గురికి చాలు. ఆరుగురున్న ఇంట్లో రెండు మూడు వాయిలు వెయ్యాలి, చివరి వాయి వచ్చేసరికి మొదటిది మెత్తబడుతుంది. అలాంటి ఇంటికి వెడల్పాటి బాణలే నయం. ప్లగ్గు సంగతి అంతకన్నా ముఖ్యం. 1,500 వాట్ల యంత్రం 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే మామూలు 6 ఆంపియర్ల సాకెట్టుకి మించిన బరువు. మూడు లావు పుల్లల 16 ఆంపియర్ల సాకెట్టు వంటింట్లో ఉండాలి, పాత ఇళ్లలో అది ఉంటే గింటే ఒక్కటే ఉంటుంది. అది పెద్ద వస్తువు దేనికో ముందే ఇచ్చేసి ఉంటారు. పొడిగింపు వైరు పెట్టి నడపవద్దు. కరెంటు ఖర్చుకి బెంగపడనక్కర్లేదు. ఇరవై నిమిషాలకి అర యూనిట్, రోజూ వాడితే నెలకి పదిహేను యూనిట్లు. బుట్టని స్టీలు పీచుతో తోమకూడదు, పూత లేచిపోతుంది. పనిమనిషికి ఇచ్చేముందు ఈ మాట చెప్పాలి.

డాలస్‌లో ఉన్న మా వదిన ఫోనులో, "చెక్క ఇల్లు వదినా, పోపు ఘాటుగా వేస్తేనే పొగ అలారం మోగుతుంది. చేపలు వేయించాలంటే ఇదే దిక్కు" అంటుంది. అపార్టుమెంట్లలో ఉండే అక్కడి విద్యార్థులకీ, హైదరాబాదులో ఒక్కళ్లే ఉండి ఆఫీసు నుంచి తొమ్మిదింటికి వచ్చే పిల్లలకీ ఇది అక్కరకొచ్చే వస్తువే. పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేక బయటి నుంచి తెప్పించుకునే బదులు, నాలుగు చేమదుంపలు వేగుతుంటే స్నానం చేసి వస్తారు.

పిల్లలు దూరాన ఉండి, డెబ్బై దాటిన ఇద్దరే మిగిలిన ఇళ్ల గురించి నేను ఎక్కువగా ఆలోచిస్తాను. చెయ్యి వణికే మనిషి మరిగే నూనె దగ్గర నిలబడకపోవడం, బుట్టలో పెట్టి మరిచిపోయినా సమయం అవగానే దానంతటదే ఆగిపోవడం, ఈ రెండు కారణాలకే కొనిపెట్టవచ్చు. వాళ్ల కోసం కొనేటప్పుడు తాకితే వెలిగే అద్దం పలకలున్నవి వద్దు, తిప్పే మీటలు రెండే ఉన్నది చూడండి. 180 అంకె దగ్గరా, పదిహేను నిమిషాల దగ్గరా ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టండి. బుట్టని లాగడానికి ఎంత బలం కావాలో దుకాణంలో అమ్మ చేతనే లాగించి చూసి, అప్పుడు డబ్బు కట్టండి.