సింకు కింద మర

దుబాయ్‌లో ఇంటర్నేషనల్ సిటీ అనే పేరు వినగానే మనవాళ్లకు ఆకాశమంత టవర్లు గుర్తొస్తాయి. వచ్చి చూస్తే అన్నీ పొట్టి మేడలే, వరసలు వరసలుగా. నఖీల్ సంస్థ కట్టిన ఈ ఊరికి చైనా, ఇంగ్లాండ్, ఫ్రాన్స్, గ్రీస్, ఇటలీ, మొరాకో, పర్షియా, రష్యా, స్పెయిన్, ఎమిరేట్స్ అని పది పేటలు. వాటిని క్లస్టర్లు అంటారు. "మేం ఇంగ్లాండ్‌లో ఉంటాం, మరిదివాళ్లు గ్రీస్‌లో" అని ఫోన్‌లో చెబితే ఊళ్లో పెద్దవాళ్లు ఒక్క క్షణం తికమకపడి, తర్వాత నవ్వేస్తారు.

ఇక్కడ ఎక్కువగా ఉన్నవి స్టూడియోలు, సింగిల్ బెడ్రూమ్ ఫ్లాట్లు. దుబాయ్‌లోని ఖరీదైన పేటలతో పోలిస్తే అద్దె తక్కువ. అందుకే భార్యాపిల్లల్ని తెచ్చుకున్న కొత్త ఉద్యోగస్తులు ముందు ఇటే చూస్తారు. పక్కనే డ్రాగన్ మార్ట్. 2004లో తెరిచిన ఈ చైనా బజారు డ్రాగన్ ఆకారంలో కిలోమీటరుకు పైగా మెలికలు తిరిగి ఉంటుంది. కుళాయి వాషర్ దగ్గర్నుంచి సోఫా దాకా దొరకని వస్తువు లేదు. అలాంటి బజారు గుమ్మం ముందే ఉంటే, ఇంట్లో ఏది పాడైనా నోటికి మొదట వచ్చే మాట "కొత్తది కొనేద్దాం".

మా ఫ్లాట్‌లో పాడైంది సింకు కింద ఉన్న చెత్త మర, గార్బేజ్ డిస్పోజర్. అమెరికాలో ఉన్న పాఠకులకు ఇది మామూలు వస్తువు. దుబాయ్ అద్దె ఫ్లాట్లలో మాత్రం అరుదు. మాకన్నా ముందున్న కుటుంబం పెట్టించుకుని, ఖాళీ చేసేటప్పుడు వదిలేసి వెళ్లింది. వయసు పదేళ్లు దాటింది. స్విచ్ వేస్తే "మ్..." అని మూలుగుతుంది తప్ప తిరగదు.

దీని పుట్టిల్లు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, రసీన్ పట్టణం. జాన్ హామ్స్ అనే ఆర్కిటెక్ట్ 1927లో తయారుచేశాడు. లోపల మిక్సీలో లాంటి బ్లేడు ఉంటుందని చాలామంది అనుకుంటారు, ఉండదు. ఒక పళ్లెం గిర్రున తిరుగుతుంది. దాని మీది మొద్దు పళ్లు ఆహారాన్ని చుట్టూ ఉన్న గరుకు కంకణానికేసి కొడతాయి. ముక్కలు నలిగి నీళ్లతో పాటు డ్రైనేజీలోకి పోతాయి. న్యూయార్క్ నగరం తన మురుగు పైపులకు భయపడి దీన్ని ఏళ్ల తరబడి నిషేధించి, 1997లో గానీ అనుమతించలేదు.

మన వంటింటికీ దీనికీ మొదటి నుంచీ పడదు. ములక్కాడ పిప్పి, గోంగూర కాడలు, కొబ్బరి పీచు పళ్లెం చుట్టూ తాడులా చుట్టుకుంటాయి. మిగిలిన అన్నం నీళ్లలో ఉబ్బి పైపులో జిగురులా పేరుకుంటుంది. తాలింపు నూనె గడ్డకడుతుంది. మామిడి టెంక సంగతి చెప్పక్కర్లేదు.

మరను చూడటానికి వచ్చిన ప్లంబర్‌ది జగిత్యాల వైపు. ఉండేది సోనాపూర్ క్యాంపులో. కరెంటు తీసేసి, టార్చి నోట్లో పెట్టుకుని సింకు కిందికి దూరాడు. "అక్కా, మోటరు సావలే. మూలుగుతుందంటే పానం ఉన్నట్టే. ఏదో ఇరుక్కున్నది" అన్నాడు. మర అడుగున మధ్యలో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అందులో ఎల్ ఆకారపు అలెన్ కీ పెట్టి అటూ ఇటూ తిప్పాడు. పళ్లెం కదిలింది. పటకారుతో ఒక ఎముక ముక్క బయటికి తీశాడు. అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కి స్విచ్ వేస్తే తిరిగింది. ఇంతవరకూ చేతిపనే, పైసా ఖర్చు లేని రిపేరు.

తిరిగాక అసలు రోగం బయటపడింది. మర అడుగు నుంచి బొట్టు బొట్టుగా నీరు. అతను చెప్పిన లెక్క ఏ ఊళ్లో ఉన్నవాళ్లకైనా పనికొస్తుంది. నీరు పైన, మర సింకుకు అతుక్కునే చోట కారితే అక్కడి సీలు మార్చుకోవచ్చు. పక్క గొట్టం దగ్గర కారితే రబ్బరు వాషరో క్లిప్పో మారిస్తే చాలు. అడుగు నుంచి కారితే మాత్రం లోపలి సీలు పోయి నీళ్లు మోటరు వైపు దిగుతున్నట్టు. "దానికి పైసలు పెట్టకు అక్కా. ఇయ్యాల ఆపినా రేపు కారుతది" అన్నాడు. ఇలాంటి మరల ఆయుష్షు సాధారణంగా పది, పన్నెండేళ్లు. ఇది తన కాలం తాను పని చేసింది.

మా కింది ఫ్లాట్‌లో నెలల పాప ఉన్న కేరళ కుటుంబం ఉంటుంది. వాళ్ల కప్పులోకి నీరు దిగితే మరమ్మతు ఎవరి నెత్తిన పడుతుంది? పైగా రెండు నెలల్లో అద్దె ఒప్పందం రెన్యూ చేసుకోవాలి. బాబు స్కూలు ఫీజు అదే నెలలో. యజమానితో గొడవ పెట్టుకునే సమయం కాదు, డిపాజిట్ పోగొట్టుకునే స్తోమతా లేదు.

దుబాయ్ అద్దె చట్టం, అంటే 2007 నాటి 26వ నంబరు చట్టం, ఇలాంటప్పుడు తెలిసి ఉండాలి. వేరే ఒప్పందం లేకపోతే ఇంటి మరమ్మతులు యజమాని బాధ్యత అని 16వ అధికరణ. యజమాని అనుమతి లేకుండా అద్దెదారు మార్పులు చేయకూడదని 19వది. మామూలు వాడకపు అరుగుదల పోను, తీసుకున్నప్పటి స్థితిలోనే ఇల్లు అప్పగించాలని 21వది. మా కాంట్రాక్టులో చిన్న రిపేర్లు, 500 దిర్హాముల లోపువి, మావేనని రాసి ఉంది. అందుకే "పాతదేగా, పీకి పారేద్దాం" అనుకోవడానికి లేదు. మర మాది కాకపోయినా, మేం తాళాలు తీసుకున్న రోజున అది అక్కడే ఉంది.

న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచు, "వదినా, ఇక్కడ సేల్‌లో ఉంది, ఎవరైనా వస్తుంటే పంపిస్తా" అంది. ప్రేమగా అన్న మాటే, కానీ కుదరదు. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ మన దేశంలో లాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఊరి నుంచి తెచ్చుకున్న మిక్సీ ప్లగ్గు మారిస్తే ఇక్కడ తిరుగుతుంది గానీ, అమెరికా మర తిరగదు.

కొత్తది ఇక్కడే కొనాలా అని ఆలోచిస్తే ఇంకో ప్రశ్న వచ్చింది. అసలు మనకిది కావాలా? అమెరికాలో సొంతింట్లో ఉంటే, ఆ ఇంట్లో ఇంకో పదేళ్లు ఉంటే, కొత్తది పెట్టించుకోవడంలో అర్థముంది. ఏడాదికోసారి రెన్యూ అయ్యే అద్దె ఇంట్లో పదేళ్ల వస్తువు కొంటే, అది ఎవరికో వదిలి వెళ్లే బహుమతి.

చెత్త సంగతి చూసినా అంతే. మా పక్క ప్రాంతం వర్సాన్‌లోనే, చెత్తను కాల్చి కరెంటు తీసే పెద్ద కేంద్రాన్ని 2023 జూలైలో ప్రారంభించారు. ఖర్చు 400 కోట్ల దిర్హాములు. పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి 20 లక్షల టన్నుల చెత్త, 220 మెగావాట్ల కరెంటు. మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రం కూడా ఈ పక్కనే. గాలి ఇటు తిరిగిన రోజున ఆ సంగతి ఒకప్పుడు ఊరందరికీ తెలిసేది. ములక్కాడ పిప్పి పైపులో పోవాలా, సంచిలో పోవాలా అంటే, పైపులో ఇరుక్కోనిదే మేలు.

ప్లంబర్ చేతే ఫొటోలు, చిన్న వీడియో తీయించి యజమానికి ఈమెయిల్ పంపాం. "మర అడుగు నుంచి కారుతోంది. తీసేసి మామూలు గొట్టం వేయిస్తాం, ఖర్చు మాది. ఇల్లు అప్పగించేటప్పుడు మళ్లీ మర అడగకూడదు" అని మూడు వాక్యాలు. రెండు రోజులకు "సరే" అని జవాబొచ్చింది. దాన్ని ప్రింటు తీసి ఎజారీ కాగితాల ఫైల్లో పెట్టాం. నోటిమాట మీద జరిగిన పనికి ఇల్లు ఖాళీ చేసే రోజున సాక్షి ఉండడు.

జగిత్యాల తమ్ముడు గంటలో పని ముగించాడు. సింకుకు జల్లెడ మూత, కింద కొత్త గొట్టం. పాత మరను, "లోపల రాగి ఉంటదక్కా" అంటూ తనే తీసుకెళ్లాడు. అది ఉన్న జాగాలో ఇప్పుడు ఉల్లిపాయల బుట్ట పడుతోంది.