మావాడితో చెప్పించాను, బెర్తు వచ్చేసింది

ఖరగ్‌పూర్‌లో జాతకాలు నమ్మని తెలుగువాళ్ళు కొందరైనా దొరుకుతారు. "రైల్వేలో మనవాడుంటే బెర్తు వస్తుంది" అన్నది నమ్మనివాడు మాత్రం నాకింతవరకూ కనపడలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. మథురాకాటి, నింపుర వీధుల్లో ఏ ఇంట్లో చూసినా తాతో మేనమామో రైల్వే మనిషే. అందుచేత ఊరెళ్ళాలంటే ముందు టిక్కెట్టు కొంటారు, తర్వాత "మావాడి"కి ఫోన్ చేస్తారు.

నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. వోచరు చూపించి పని జరిగిందంటే మేం సంతకం పెట్టేవాళ్ళం కాదు. ఆ ఖర్చు పెట్టకపోతే పని ఆగేదా? ఈ ప్రశ్న బెర్తుల విషయంలో ఎవరూ వెయ్యరు.

వెయిటింగ్ లిస్టులో ఉన్న పదిమంది "మావాడి"కి చెప్పారనుకోండి. కాన్సిలేషన్ల వల్ల ఏడుగురికి బెర్తులు వస్తాయి. చెప్పకపోయినా వచ్చేవే. ఆ ఏడుగురూ మావాడికి స్వీట్లు పట్టుకెళ్తారు. మిగిలిన ముగ్గురు "పాపం ప్రయత్నించాడు, పైనుంచి ఎవరిదో రికమెండేషన్ వచ్చిందట" అని సర్దుకుంటారు. మగపిల్లాడు పుడతాడని పదిమందికి చెప్పే స్వామీజీకి ఐదుగురు భక్తులు గ్యారంటీ కదా, అలాగే ఇదీ.

థర్డ్ ఏసీ టిక్కెట్టుకి సెకండ్ ఏసీ బెర్తు వస్తే ఇంకా గొప్పలు. ఇది 2006 నుంచి ఉన్న ఆటో అప్‌గ్రేడేషన్ పథకం. పై తరగతిలో ఖాళీలుంటే కంప్యూటరే కింది తరగతిలో పూర్తి ఛార్జీ కట్టినవాళ్ళను ఎంపిక చేసి పైకి పంపుతుంది, ఖాళీ అయిన బెర్తులు వెయిటింగ్ లిస్టుకి పోతాయి. తమాషా ఏమిటంటే రాయితీ టిక్కెట్లకీ, రైల్వే పాసులకీ ఈ పథకం వర్తించదు. అంటే పాసు మీద ప్రయాణం చేసే "మావాడి"కే అప్‌గ్రేడ్ రాదు! తనకి రానిది మనకి ఇప్పించాడని మనం నమ్ముతాం.

విమానాల్లోనూ ఇదే భ్రమ. అల్లుడి స్నేహితుడు ఎయిర్‌లైన్స్‌లో ఉన్నాడు కాబట్టి బిజినెస్ క్లాసు ఖాయమంటారు. ఎయిర్‌లైన్స్ ఉద్యోగులు రాయితీ టిక్కెట్టు మీద సొంతపనికి వెళ్తే మామూలుగా స్టాండ్‌బైలోనే ఉంటారు, అందరూ ఎక్కాక సీటు మిగిలితేనే. డ్యూటీ మీద వెళ్ళే సిబ్బంది సంగతి వేరు. 2017 ఏప్రిల్‌లో చికాగోలో యునైటెడ్ విమానం నుంచి డాక్టర్ డేవిడ్ డావోని ఈడ్చి దింపింది అలాంటి నలుగురు సిబ్బందికి చోటివ్వడానికే.

అయితే పలుకుబడి అంతా భ్రమే అని నేననను. ఎమర్జెన్సీ కోటా ఉంది. చార్టు వేసేముందు కొన్ని బెర్తులు పార్లమెంటు సభ్యులకీ, ఉన్నతాధికారులకీ హోదా క్రమంలో ఇస్తారు. మిగిలినవి ప్రభుత్వ డ్యూటీ, ఇంట్లో చావు, జబ్బు, ఉద్యోగం ఇంటర్వ్యూ లాంటి కారణాలు చూసి ఇవ్వాలి. దానికి రాతపూర్వకంగా అడగాలి. మామూలు మనిషికి హక్కుగా రావలసిన చోటు ఇదొక్కటే. దళారీలకి గిరాకీ కూడా ఇక్కడే.

మా వీధిలో ఒకావిడ కొడుకుని చూపించడానికి వెల్లూరు సి.ఎం.సి.కి వెళ్తూ ఉంటుంది. మొదటిసారి వెయిటింగ్ లిస్టు 4. ఒక మధ్యవర్తి ఆరొందలు తీసుకున్నాడు, బెర్తులు వచ్చాయి. నాలుగో నంబరు ఎవరూ ముట్టుకోకపోయినా కన్‌ఫర్మ్ అయ్యే నంబరే. రెండోసారి 61. మళ్ళీ ఆరొందలు. చార్టు పడేసరికి కన్‌ఫర్మ్ కాలేదు, ఈ-టిక్కెట్టు దానంతటదే కాన్సిలైపోయింది. డాక్టరు అపాయింట్‌మెంటు పోయింది, కుర్రాడికి కట్టిన మందుల కోర్సు మధ్యలో ఆగింది. "ఆఫీసరు మారాడమ్మా" అన్నాడు మధ్యవర్తి. ఆవిడ అదీ నమ్మింది. జబ్బు కాగితాలు ఆవిడ సంచిలోనే ఉన్నాయి. వాటితో ఒక అర్జీ పెట్టుకోవచ్చని ఆ మనిషి చెప్పలేదు. చెబితే వాడికేం మిగులుతుంది?

మూడోసారి వెయిటింగ్ లిస్టు 38. నేను అర్జీ రాసిచ్చాను. పి.ఎన్.ఆర్. నంబరు, ఆస్పత్రి చీటీ నకలు జతచేసి, ముందురోజే డివిజనల్ ఆఫీసులో ఇచ్చి రమ్మన్నాను. రెండు బెర్తులూ వచ్చాయి. అదే రైలుకి, అదే క్లాసులో, ఖరగ్‌పూర్ నుంచి కాట్పాడికే 20వ నంబరున్న మా పక్కింటాయనకి రాలేదు. సాధారణంగా వెనక నంబరు ముందు నంబర్ని దాటిందంటే అది కాన్సిలేషన్ కాదు, కోటా.

ఆవిడకి ఇదంతా విడమర్చి చెప్పాను. జాగ్రత్తగా విన్నది. విని, గొంతు తగ్గించి, "అది సరే బాబూ, రైల్వేలో మీ మనిషెవరు?" అని అడిగింది.