కన్నీళ్లకు అటువైపు...

సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్ దాటి రాజీవ్ రహదారి పట్టుకుంటే కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట... ఆ తర్వాత అల్వాల్. ఒకప్పుడు ఊరు, తర్వాత మున్సిపాలిటీ, 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. పాత అల్వాల్‌లో వెంకటేశ్వరస్వామి గుడి, ఓ రైల్వేస్టేషన్, సైన్యంలో పనిచేసి రిటైరైనవాళ్లు కట్టుకున్న ఇళ్లు... ఇదీ ఇక్కడి వాతావరణం. తెలుగువాళ్లున్న ఏ ఊళ్లోనైనా అంతే, ఇక్కడైనా అంతే - టీవీలో ‘ప్రేమాభిషేకం’ వస్తే అమ్మమ్మలు కొంగుతో కళ్లు ఒత్తుకోవాల్సిందే!

1981లో వచ్చిన ఆ సినిమాలో హీరో అక్కినేనికి క్యాన్సర్. ప్రేమించిన అమ్మాయి తనను మర్చిపోవాలని చెడ్డవాడిలా నటిస్తాడు. 1989 నాటి ‘గీతాంజలి’లోనైతే ప్రేమికులిద్దరికీ ప్రాణాంతకమైన జబ్బే. వాళ్లకు ఊటీ మంచు తోడు.

ఇలా ఏడవడం మనకే సొంతం కాదు. జపాన్‌లో 2004లో ఓ సినిమా వచ్చింది. పేరు ‘సెకాయి నో చూషిన్ దె, ఐ ఒ సకెబు’. అంటే, ప్రపంచం నడిబొడ్డున నిలబడి ప్రేమను ఎలుగెత్తి చాటడం. లుకేమియాతో బాధపడే అమ్మాయిని ఆస్ట్రేలియా తీసుకెళ్లాలని ఆసుపత్రి నుంచి విమానాశ్రయానికి తీసుకొస్తాడు అబ్బాయి. తుపాను వల్ల విమానాలు ఎగరవు! ఆ సినిమా తీసింది షికోకు దీవిలోని అజి అనే ఊళ్లో. నాణ్యమైన గ్రానైట్‌కు పేరున్న ఆ ఊరికి, కథ జరిగిన రేవుగట్టు చూడ్డానికి అభిమానులు వెళ్లడం మొదలుపెట్టారు.

మరుసటేడాది టీవీలో మరో కథ... ‘ఒక లీటరు కన్నీళ్లు’. ఇది నిజంగా జరిగింది. తొయొహాషి నగరంలో పెరిగిన అయా కితో అనే అమ్మాయికి పదిహేనేళ్ల వయసులో చిన్నమెదడు, వెన్నుపాము క్షీణించే జబ్బు వచ్చింది. నడక, మాట, చేతిరాత ఒక్కొక్కటే చేజారతాయి. తెలివి మాత్రం అలాగే ఉంటుంది. కలం పట్టగలిగినంత కాలం ఆమె డైరీ రాసింది. అది 1986లో పుస్తకంగా వచ్చింది. 1988లో పాతికేళ్లకే ఆమె కన్నుమూసింది.

టీవీలో అయా పక్కన ఓ ప్రేమికుడు ఉంటాడు. అతను సీరియల్ కోసం కల్పించిన పాత్ర! నిజజీవితంలో ఆమెను చివరిదాకా కనిపెట్టుకుని ఉన్నది కన్నతల్లి. ఆరోగ్య కార్యకర్తగా ఉద్యోగం చేస్తూనే కూతురికి కాళ్లూ చేతులూ అయింది.

అలాంటి తల్లులు, భార్యలు, భర్తలు మన వీధుల్లోనూ ఉంటారు. అల్వాల్‌లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే, సర్కారు వైద్యం కోసం ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రికో, క్యాన్సరైతే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జేకో పోవాలి. క్యారేజీ, ఫైలు, మందుల సంచి పట్టుకుని, నీరసించిన మనిషిని బస్సెక్కించి దించే ప్రయాణం అది. 2022 ఏప్రిల్‌లో అల్వాల్‌లోనే టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగిందంటే అందుకే ఇక్కడివాళ్లకు అది మామూలు వార్త కాదు.

ఆ బస్సు ప్రయాణాల మీద ఎవరూ సినిమా తీయరు. వాటిలో ఊటీ ఉండదు, పాటలుండవు. కానీ అదీ ప్రేమకథే. ఈసారి అలాంటి సినిమా చూసి కళ్లు తుడుచుకున్నాక, జబ్బుమనిషి ఉన్న పొరుగింటి తలుపు తట్టి ‘రేపు ఆసుపత్రికి నేను తోడొస్తానక్కా, నువ్వు కాస్త నిద్రపో’ అని చెప్పిచూడండి. ఆ ఇంట్లో ఒక పూట కన్నీళ్లు తగ్గుతాయి!